అందరికీ ఆయన

మా ఆమె పోయింది. చలి మొదలైన వారంలో, ఆసుపత్రిలో, మధ్యాహ్నం పూట. ఊపిరితిత్తుల జబ్బు. చాలాకాలంగా తెలిసిన కబురే. అయినా వచ్చిన రోజు కొత్తగానే వచ్చింది. పత్రికల్లో వేయించలేదు. తెలిసినవాళ్ళకు నేనూ మా అబ్బాయీ ఫోన్లు చేశాం. డబ్బింగ్ థియేటర్ల నుంచి కొందరు వచ్చారు. చేతులు కట్టుకుని కాసేపు నిలబడి, ఆమె రాసిన డైలాగులు ఒకటి రెండు తలచుకుని, నవ్వబోయి ఆపుకుని వెళ్ళారు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. పనిచేసినన్నాళ్ళూ పేరు లేకుండానే చేసింది. వేరే భాషల సినిమాలు తెలుగులోకి డబ్బింగ్ అయ్యేటప్పుడు వాటికి మాటలు రాసేది. తెర మీద ఇంకొకరి పేరు పడేది. ఆ మాటలకు మీలో కొందరు నవ్వి ఉంటారు, కొందరు కళ్ళు తుడుచుకుని ఉంటారు. ఎవరు రాశారని అడిగి ఉండరు. అలా అడగకపోవడమే తన పనికి మెప్పు అనేది. "తెర మీది పెదవికి మాట కలిసిందనుకోండి, నేను లేనట్టే. కలవకపోతేనే కదండీ, ఎవరు రాశార్రా ఇది అంటారు."

ఆమె చివరగా దిద్దిన రాత సినిమాకు సంబంధించినది కాదు. మా మనవరాలు స్కూలు కోసం రాసిన పేపరు. దాని గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమెది గుంటూరు వైపు, క్రైస్తవుల ఇల్లు. మాది సిద్దిపేట దగ్గర పల్లె. నేను విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేరిన కొత్తలో యూసుఫ్‌గూడలో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఆమె వాళ్ళ అన్నయ్య కుటుంబంతో, నేను మా అమ్మతో. పెళ్ళి మాట ముందు ఎత్తింది మా అమ్మే. కోడలి మతంతో అమ్మకు పెద్ద పేచీ లేదు. కోడలి పనే అర్థం కాలేదు.

"గాడ ఏం పని జేస్తవ్ బిడ్డా?" అని అడిగింది ఒకరోజు.

"బొమ్మలో వాళ్ళ నోరు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో చూసి, అందులో మాటలు పెడతాను అత్తయ్యా."

"ఒకల నోట్ల మాట వెట్టుడా? గది మా ఊర్ల అందరు జేస్తరు."

ఈ జవాబు మా ఆమె థియేటర్లో అందరికీ చెప్పింది. తర్వాత చాలాకాలం అక్కడివాళ్ళు మా అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని నన్ను అడిగేవాళ్ళు.

తర్వాత ఫిల్మ్‌నగర్‌లో చిన్న ఫ్లాటు తీసుకున్నాం. ఆమెకు నడిచి వెళ్ళేంత దూరంలో పని. టీవీ ధ్వని తీసేసి చూసేది. పెళ్ళిళ్ళకు వెళితే భోజనాల బంతిలో ఎదుటివాళ్ళ నోళ్ళే చూస్తూ కూర్చునేది. అలా చూడకు, బాగుండదు అనేవాణ్ణి. "తింటున్నది చూడట్లేదండీ. అంటున్నది చూస్తున్నా" అనేది.

పొద్దున పేపరు నేను పైకి చదవాలి. ఆమె కూరగాయలు తరుగుతూ వింటుంది. వార్తల కంటే క్రియలు ఎక్కువ వినేది. ఒకసారి లంచం వార్త చదివాను. ఒకే ఆఫీసు, ఒకే ఫైలు, ఇద్దరు పట్టుబడ్డారు. చదవడం అవగానే కత్తి పక్కన పెట్టింది.

"గుమస్తా ఏమయ్యాడన్నారు?"

"పట్టుబడ్డాడు."

"ఆఫీసరు?"

"పట్టుబడ్డారు."

"ఆ 'రు' కూడా లంచం కిందే ఇచ్చారేమో కనుక్కోండి."

ఇంగ్లీషులో మగమనిషికి ఒక్కటే మాట. రాజుకైనా దొంగకైనా 'హి'. అది తెలుగులోకి వచ్చేసరికి వాడు, అతను, ఆయన, వారు అయి కూర్చుంటుంది. ఎవరికి ఏది ఇవ్వాలన్నది ఆమె చేతిలో ఉండేది. "పాత్ర తెర మీదకి వచ్చిన క్షణంలోనే వాడి బతుకెంతో నేను తేల్చేస్తున్నానండీ. అసలు సినిమాలో వాళ్ళు తేల్చలేదు. నేను తేలుస్తున్నా" అనేది. చెప్పి పనిలో పడిపోయేది. దాని గురించి బాధపడుతూ కూర్చునే మనిషి కాదు. కానీ మరిచిపోయే మనిషీ కాదు.

ఒకసారి ఏదో విదేశీ సినిమాకు రాస్తోంది. అందులో ఒక నల్లజాతి ఖైదీ, ఒక తెల్ల జడ్జి. ఇద్దరి చేతా ఒకరినొకరు 'మీరు' అనిపించింది. డబ్బింగ్ చూసుకునే పెద్దమనిషి మా ఇంటికే వచ్చాడు. నేను టీ పెట్టాను. కాబట్టి ఆ మాటలు నేనే విన్నాను.

"అమ్మా, వాడు ఖైదీ. ఖైదీని పట్టుకుని జడ్జి మీరు అంటే థియేటర్లో పడీ పడీ నవ్వుతారు. నువ్వు అనిపించండి. ఆ ఖైదీ చేత కూడా కాస్త బస్తీ భాష మాట్లాడిస్తే నిండుగా ఉంటుంది."

"చివర్లో ఆ జడ్జి కూడా జైలుకే పోతాడు కదండీ. అప్పుడు ఆయనకీ బస్తీ భాష పెట్టమంటారా?"

"అప్పటికి జనం లేచి బండ్లు తీసుకుంటుంటారు లెండి."

ఆమె మార్చలేదు. డబ్బింగ్ థియేటర్లో మాటలు చెప్పించేటప్పుడు వాళ్ళు మార్చుకున్నారు. మేం ఆ సినిమా చూడటానికి వెళ్ళాం. జడ్జి మొదటిసారి "ఏరా" అన్నప్పుడు పక్కకు తిరిగి చూశాను. తెర వైపే చూస్తోంది. బయటికి వచ్చాక, "పెదవి బాగానే కలిసింది" అంది. అంతే.

ఇక మనవరాలి సంగతి. మా అబ్బాయి వాళ్ళు మధురానగర్‌లో ఉంటారు. పిల్ల జూబ్లీహిల్స్‌లో ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి. బడి అవగానే మా ఇంటికి వచ్చేది. సాయంత్రం ఆఫీసు నుంచి వెళుతూ మా కోడలు తీసుకెళ్ళేది. ఆ మధ్య గంటలు నానమ్మవి. అప్పటికే మా ఆమె థియేటర్లకు వెళ్ళడం మానేసింది. మెట్లు ఎక్కితే ఆయాసం. కిటికీ పక్కన మంచం వేశాం. వీపు వెనక దిండ్లు పెట్టుకుని కూర్చునేది.

చరిత్రలో జరిగిన ఒక కోర్టు విచారణ గురించి చదివి, తెలుగులో పేపరు రాయమన్నారట స్కూల్లో. బాగా రాసినవాళ్ళ చేత సాహిత్య దినోత్సవం నాడు అందరి ముందూ చదివిస్తారట. మా పిల్ల అమెరికా కేసు ఒకటి ఎంచుకుంది. దాదాపు వందేళ్ళ కిందటిది. గూడ్సు రైల్లో పని వెతుక్కుంటూ పోతున్న నల్లజాతి పిల్లలను దారిలో దింపేశారు. తొమ్మిదిమంది. కొందరికి కొందరు తెలియను కూడా తెలియదు. అదే రైల్లో ఉన్న ఇద్దరు తెల్ల ఆడవాళ్ళు తమను పాడుచేశారని చెప్పారు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. కొద్ది రోజుల్లోనే విచారణ ముగించి, ఒక్క పిల్లవాడికి తప్ప అందరికీ మరణశిక్ష వేశారు. తర్వాత ఆ ఇద్దరిలో ఒకామె అసలు ఏమీ జరగలేదని కోర్టులోనే చెప్పింది. అయినా వాళ్ళను వెంటనే విడిచిపెట్టలేదు. శిక్షలు అమలు కాలేదు గానీ, ఏళ్ళూ పూళ్ళూ జైల్లోనే గడిచాయి.

"అందరు స్వాతంత్ర్య పోరాటం కేసులే తీస్కున్నరు నానమ్మా. నాకు ఎవ్వరు తియ్యనిది కావాలె" అంది పిల్ల.

రాసుకొచ్చింది చదవమంది మా ఆమె. తను కళ్ళు మూసుకుంది. పిల్ల చదువుతోంది. జడ్జిగారు వచ్చారు. అందరూ లేచారు. లాయరుగారు అడిగారు. వాడు లేదన్నాడు. లాయరుగారు మళ్ళీ అడిగారు. వాడు ఏడ్చాడు.

"ఆగు. ఎవడు వాడు?"

"నిందితుడు నానమ్మా."

"నీకేం చేశాడు?"

"నాకేం చెయ్యలే."

"మరి నువ్వెందుకు వాడు అంటున్నావు?"

పిల్ల కాగితం చూసుకుంది. "అట్లనే అంటరు కదా. వాళ్ళు చిన్నోళ్ళు. ఒకడికి పదమూడేండ్లు."

"అట్లనే అంటారు. నిజమే. అక్కడ జ్యూరీ కూడా అట్లనే అనుకుంది." పిల్ల మాటను పిల్ల గొంతుతోనే అనడం ఆమెకు అలవాటు. "ఇంగ్లీషు పుస్తకంలో ఏముంది, జడ్జికి ఒక 'హి', ఈ పిల్లాడికి ఇంకో 'హి' ఉన్నాయా?"

"లేవు. ఒకటే."

"మరి రెండు ఎవరు చేశారు?"

పిల్ల నా వైపు తిరిగి, "తాతా, ఈమెతోని కష్టం" అంది. మా ఆమె నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చేది ఆ రోజుల్లో. నీళ్ళిచ్చాను.

ఆమె పెట్టిన నియమం ఒకటే. ఆయన అయితే అందరికీ ఆయన. అతను అయితే అందరికీ అతను. ఏదో నువ్వే తేల్చుకో అంది. పిల్ల రెండు రోజులు ఆలోచించి వచ్చి, అందరికీ ఆయన అంది. ఎందుకని అడిగాను. "జడ్జిని కిందికి దించితే సార్ మార్కులు కట్ చేస్తడు తాతా. వీళ్ళని పైకి తెస్తే ఎవరికేం పోతది?" అంది. మా ఆమె ఆ లెక్కకు చాలా సంతోషించింది. ఇది సినిమా ఫీల్డులో బతికేస్తుంది అంది.

ఆ సాయంత్రాల్లో నా పని టీ పెట్టడం, తలుపు తీయడం. ఒక్కసారే నన్ను అడిగారు. మరణశిక్ష కరెంటు కుర్చీలో వేసేవాళ్ళని పిల్ల ఎక్కడో చదివింది. "తాతా, నీకు తెలుస్తది కదా. అది ఎట్ల పని చేస్తది?" అంది. ఇంజనీరును. వోల్టేజీ దగ్గర మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాను. తడి స్పాంజి ఎందుకు పెడతారో కూడా చెప్పబోయాను. మా ఆమె చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది.

"చాలండీ. కుర్చీ అని తెలిస్తే చాలు."

పిల్ల పేపర్లో ఆ చోట ఒక్క వాక్యమే ఉంది. కూర్చోబెట్టి చంపుతారు అని.

తెలుగు సారుకు పేపరు చూపించిన రోజు పిల్ల సంచీ విసిరేసి వచ్చి మంచం మీద బోర్లా పడుకుంది. సారు చెడ్డవాడు కాదు. పేపరు బాగుందన్నాడట. కానీ 'ఆయన' చుట్టూ ఎర్రగీతలు పెట్టాడు. పదమూడేళ్ళ పిల్లాడికి 'ఆయన' ఏమిటమ్మా, పెళ్ళికొడుకా అన్నాడట. క్లాసంతా నవ్వింది. తెలుగులో వయసును బట్టి గౌరవం, అది వ్యాకరణం, మార్చి తెస్తే సభలో చదివిస్తాను, లేకపోతే కుదరదు అన్నాడట.

"మార్చేస్త నానమ్మా. నాకు చదవాలని ఉంది."

"నీ పేపరు. నీ ఇష్టం." కాసేపు ఊపిరి తీసుకుంది. "కానీ ఒక మాట అడుగు ఆయన్ని. వయసును బట్టే కదా గౌరవం. మరి శిక్ష వేసేటప్పుడు వయసు చూశారా అని అడుగు."

"నేను అడగ. అందరు మళ్ళ నవ్వుతరు. నువ్వొచ్చి అడుగు."

"వస్తాను."

"ఒట్టు?"

"బైబిల్లో వద్దన్నారు, మేం ఒట్లు పెట్టుకోం తల్లీ. వస్తానంటే వస్తాను."

మెట్లు దిగలేని మనిషి అన్న మాట అది. పిల్లకు తెలుసు. నాకూ తెలుసు.

తర్వాత ఒక వారం ఇద్దరూ పేపరు ముట్టుకోలేదు. మళ్ళీ తీసినప్పుడు పిల్ల దానికి ఒక భాగం కొత్తగా కలిపింది. ఆ పిల్లల తల్లుల గురించి. చదువుకోని తల్లులు, కూలి చేసుకునే తల్లులు, ఊళ్ళు తిరిగి సభల్లో నిలబడి తమ బిడ్డల గురించి చెప్పుకున్నారట. పిల్ల దాన్ని ఒక తల్లి మాట్లాడుతున్నట్టు తన మాటల్లో రాసింది. మా ఆమె పెన్సిల్ తీసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని దిద్దింది. ఒక్క 'వాడు' కూడా మిగలకూడదని పట్టుదల. దిద్దినదాన్ని పిల్ల పైకి చదవడం మొదలుపెట్టింది.

"అయ్యా, నేను ఆ తల్లిని. మా ఆయన ఏ తప్పూ చెయ్యలేదు..."

ఆగింది. కాగితం దించింది.

"నానమ్మా. మా ఆయన అంటే మొగుడైతడు."

మా ఆమె ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. ముప్ఫై ఏళ్ళకు పైగా డైలాగులు రాసిన మనిషి. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పిల్ల మంచం మీద దొర్లింది. నేను వంటింట్లోంచి వచ్చి చూస్తే ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. ఏమైందంటే చెప్పలేరు. పిల్ల నన్ను చూపిస్తూ "మా ఆయన, మా ఆయన" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు ఆగలేదు. వీపు నిమిరాను.

ఊపిరి కుదురుకున్నాక పిల్ల మెల్లగా అడిగింది. "మరి ఏం రాయాలె? మా వాడు అని కొట్టేసినవ్ కదా నువ్వు."

మా ఆమె కాగితం తీసుకుంది. తను కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టింది. దిద్దినది రద్దు, పాతదే ఉంచాలి అని అచ్చు పనివాళ్ళు పెట్టే గుర్తు అది.

"అమ్మ వాడు అనే అంటుంది. ఆ మాట ఆమెది. కోర్టుకు ఆ హక్కు లేదు."

నాకు ఆమె చెప్పిన మాటల్లో ఎక్కువ గుర్తుండేది ఇదే. ఇంకేమైనా చెబుతుందేమో అని చూశాను. ఆకలేస్తోంది, ఉప్మా చేయండి అంది.

ఆ తర్వాత త్వరగానే ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ముక్కుకు గొట్టం పెట్టారు. మాట తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం నేను పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను. నిద్రపోతోందనుకున్నాను. కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"నువ్వు తిన్నావా?" అంది.

పెళ్ళయిన నాటి నుంచి నన్ను మీరు అనే అంది. నేను నువ్వు అన్నాను. మా తరంలో అందరిళ్ళలోనూ అంతే. దాని మీద కూడా ఆమె దగ్గర ఒక హాస్యం ఉండేది. "బయట కోర్టుల దాకా ఎందుకండీ, మనింట్లోనే ఒకటి నడుస్తోంది" అనేది. ఇద్దరం నవ్వి ఊరుకునేవాళ్ళం. ఎవరమూ మార్చలేదు. ఆ రోజు ఆ గొట్టం కింద నుంచి ఎందుకు వచ్చిందో ఆ మాట. మగతలో వచ్చిందేమో. నన్ను కాక ఇంకెవరినో అనుకుందేమో. తిన్నాను అని చెప్పాను. తినలేదు. సరే అన్నట్టు కళ్ళు మూసుకుంది. నాతో ఆమె ఆఖరి మాట అదే.

నా వయసులో నన్ను నువ్వు అనేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అమ్మ లేదు. ఊళ్ళో స్నేహితులు లేరు. మనవరాలు అంటుంది, అది వేరు. మిగతా అందరికీ నేను మీరు. వాచ్‌మన్‌కు, డాక్టరుకు, పాలు వేసే మనిషికి. గౌరవంగానే మాట్లాడతారు. మాట్లాడి వెళ్ళిపోతారు.

ఇప్పుడు పొద్దున పేపరు మనసులో చదువుకుంటాను. పట్టుబడ్డాడు, పట్టుబడ్డారు అలాగే ఉన్నాయి. కొన్నిసార్లు పైకి చదవబోతాను. గొంతు సవరించుకున్నాక గుర్తొస్తుంది. కిటికీ పక్కన మంచం తీసెయ్యమని మా అబ్బాయి అన్నాడు. తీద్దాంలే అన్నాను. సాయంత్రం నాలుగున్నరకు కింద స్కూలు బస్సు ఆగిన చప్పుడు వినిపిస్తుంది. వేరే పిల్లలు దిగుతారు. మా పిల్ల ఇప్పుడు నేరుగా వాళ్ళింటికే వెళుతోంది. రమ్మని నేను అనలేదు. వచ్చి ఏం చేస్తుంది.

స్కూలు సాహిత్య దినోత్సవం కబురు మా కోడలు ఫోన్‌లో చెప్పింది. పిల్ల పేపరు చదువుతుందట. మీరు తప్పకుండా రావాలి మామయ్యా అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక కూర్చుండిపోయాను. చదవనిస్తున్నారంటే మార్చిందనే కదా అర్థం. సారు చెప్పిందే అది. పిల్లను తప్పు పట్టలేను. చదవాలని ఎంత ఆశపడిందో చూశాను. నానమ్మ వస్తానంది, రాలేదు. ఒక్కతే ఎంతమందికి ఎదురు నిలబడి అడుగుతుంది? మార్చితే మార్చింది అనుకున్నాను. అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాను.

హాలు ముందే నిండిపోయింది. మా అబ్బాయీ కోడలూ ఇంకా దారిలో ఉన్నారు. చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్. వెనక వరుసలో కూర్చున్నాను. తెలుగు సారు నన్ను గుర్తుపట్టి వచ్చాడు. నడివయసు మనిషి. నమస్కారం పెట్టాడు.

"మేడం వస్తారని చెప్పింది సార్ అమ్మాయి. నేను కూడా ఎదురు చూశాను."

"అవునండీ. రావాలనుకుంది."

ఇంకేదో అనబోయి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

మా పిల్ల వంతు వచ్చింది. మైకు ఎత్తుగా ఉంది. ఎవరో దించి పెట్టారు. మొదలుపెట్టింది. రైలు, పిల్లలు, ఊరు, జనం. గొంతు బాగానే ఉంది. జడ్జిగారు వచ్చారు, అందరూ లేచారు అంది. నేను రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

"అప్పుడు లాయరుగారు పదమూడేళ్ళ నిందితుణ్ణి ప్రశ్న అడిగారు. ఆయన లేదన్నారు."

ముందు వరుసల్లో పిల్లలు నవ్వారు. ఒకడు వెనక్కి తిరిగి పెళ్ళికొడుకు అని పక్కవాడికి చెప్పాడు. అది కూడా వినిపించింది. మా పిల్ల ఆగింది. కాగితం మీద వేలు పెట్టుకుని, నవ్వు అయ్యేదాకా నిలబడింది. తర్వాత అదే వాక్యం మళ్ళీ చదివింది. గొంతు పెంచలేదు.

"ఆయన లేదన్నారు. లాయరుగారు మళ్ళీ అడిగారు. ఆయన ఏడ్చారు."

ఈసారి ఒకరిద్దరు నవ్వారు. పక్కన సారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేల వైపు చూస్తున్నాడు. జ్యూరీ లోపలికి వెళ్ళి వచ్చింది. కూర్చోబెట్టి చంపుతారు అన్న వాక్యం వచ్చింది. ఆ తర్వాత హాల్లో ఎవరూ నవ్వలేదు. 'ఆయన' వస్తూనే ఉంది. జడ్జికీ అదే, పిల్లలకీ అదే. విని విని ఎవరు ఎవరో కాసేపు తెలియకుండా పోయింది. తెలియకపోతే ఏమవుతుందో వింటున్నట్టు కూర్చున్నారు జనం.

చివరి భాగం తల్లిది.

"అయ్యా, నేను ఆ తల్లిని. మా వాడు ఏ తప్పూ చెయ్యలేదు. వాడు పని వెతుక్కుంటూ రైలెక్కాడు. వాడికి చలికి కోటు కూడా లేదు."

అంతసేపూ ఆయన, ఆయన అని విన్న చెవులకు ఆ 'వాడు' ఎలా తగిలిందో నేను చెప్పలేను. మా ఆమె అయితే చెప్పేది. నా పక్కన కూర్చున్నావిడ కొంగు నోటికి పెట్టుకుంది. నేను తల తిప్పి పక్కకు చూశాను. చెప్పడానికి ఎవరూ లేరు.

కార్యక్రమం అయ్యాక జనం కదిలారు. మా అబ్బాయి వాళ్ళు సగంలో వచ్చారట. కారు తేవడానికి వెళ్ళారు. నేనూ పిల్లా బయట మెట్ల మీద నిలబడ్డాం. కొండ మీది స్కూలు. కింద ఇళ్ళలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

"సార్‌ని అడిగినా తాతా" అంది.

"ఏమని?"

"నానమ్మ అడగమన్నదే. శిక్ష ఏసేటప్పుడు వయసు చూసిన్రా అని. క్లాసుల లేచి అడిగినా. అందరు నవ్విన్రు."

"సారు ఏమన్నాడు?"

"బోర్డు తుడుసుకుంట నిలబడ్డడు. తర్వాత, నీ ఇష్టమున్నట్లు చదువుకోమన్నడు."

ఎప్పుడు అడిగావని అడగలేదు. నానమ్మ పోయాకనే అయి ఉంటుంది. అంతకుముందు అడిగి ఉంటే ఆసుపత్రికి పరిగెత్తుకు వచ్చి చెప్పేది.

హాలు తలుపు దగ్గర నుంచి ఒక ఆయా మా దగ్గరికి వచ్చింది. చేతిలో చీపురు ఉంది. జనం వెళ్ళాక ఊడవడానికి కాచుకుని, తలుపు పక్కన నిలబడి విన్నదట.

"నువ్వే కదా బిడ్డా, గా తల్లి గురించి చదివింది?"

"అవును ఆంటీ."

"మరి ఆమె కొడుకుని ఇడిసిపెట్టిన్రా?"

"కొందరిని ఇడిసిపెట్టిన్రు. ఎంబడే కాదు. కొన్నేండ్లకు. మిగిలినోళ్ళు ఇంకా శాన ఏండ్లు జైల్లనే ఉన్నరు."

ఆయా తల ఊపింది. చీపురు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"వాడు ఇంటికొచ్చేదాంక ఆమె ఉన్నదా మరి?"

పిల్ల కాగితాలు తిరగేసింది. నా వైపు చూసింది. నాకూ తెలియదు. జడ్జి ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు పోయాడో పిల్ల చదివిన చోటల్లా ఉంది.

"తెల్వదు ఆంటీ. నేను చదివిన దాంట్ల ఎక్కడ రాయలే."

"రాయలేదా" అంది ఆయా. తప్పు పట్టినట్టు కాదు. లోపలి నుంచి ఎవరో పిలిచారు. "కనుక్కో బిడ్డా" అని వెళ్ళిపోయింది.

మా అబ్బాయి గేటు దగ్గర కారు ఆపి హారన్ కొట్టాడు. పిల్ల వినలేదు. మెట్టు మీద కూర్చుని, ఆఖరి కాగితం వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుంది. స్కూలు బస్సులు ఒకదాని వెనక ఒకటి దీపాలు వేసుకుని కొండ దిగుతున్నాయి. నేను సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డాను. వాడు వచ్చేదాకా ఆమె ఉందా అని రాసింది. కింద జవాబుకు చోటు వదిలింది.